వెరాక్రూజ్ పేడలో పచ్చలు

మెక్సికోలోని వెరాక్రూజ్ రేవు గట్టు మీద నిలబడితే కాస్త దూరంలో సముద్రం మధ్య చిన్న దీవి కనిపిస్తుంది. పేరు ఇస్లా దె సాక్రిఫీసియోస్, అంటే బలుల దీవి. 1518లో స్పెయిన్ నావికులు అక్కడ దిగి, నరబలుల ఆనవాళ్లు చూసి పెట్టిన పేరది. వచ్చినవాళ్లంతా ఆ కథ చెప్పుకుంటూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం 1946లో అక్కడ దిగిన ఎద్దుల కోసం ఆ దీవి వంక చూస్తూ నిలబడ్డాను.

బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన జెబూ ఎద్దులవి. బ్రెజిల్ జెబూ అంటే పరాయిది కాదు, మన పశువే. గుజరాత్ గిర్, కాంక్రేజ్, మా ఒంగోలు జాతుల సంతతే అక్కడ దేశమంతా నిండింది. ఒంగోలు గిత్తను వాళ్లు నెలోర్ అంటారు. ఆ ఎద్దులు దిగిన ఏడాదే, డిసెంబరులో, వెరాక్రూజ్ రాష్ట్రంలో గాలికుంటు బయటపడింది. అమెరికా తన సరిహద్దు మూసేసింది. 1947లో రెండు దేశాలూ కలిసి ఒక కమిషన్ వేశాయి. ఆ మనుషులు తుపాకులతో ఊరూరా తిరిగి లక్షల పశువుల్ని కాల్చి గోతుల్లో పూడ్చారు. కాడెద్దులు పోయిన రైతులు తిరగబడ్డారు, మనుషుల ప్రాణాలూ పోయాయి. చివరికి చంపడం ఆపి టీకాల దారి పట్టారు. 1954కి గానీ ఆ పీడ పూర్తిగా వదల్లేదు. ఇంత జరిగినా జెబూ మీద మోజు పోలేదు. ఎండకు ఓర్చే పశువు, గోమార్లకు లొంగని పశువు మరొకటి ఎక్కడ దొరుకుతుంది? ఇవాళ వెరాక్రూజ్ బీళ్లలో మోపురం లేని మంద కనబడడం అరుదు.

నేను వచ్చింది ఎద్దుల కోసం కాదు, పేడపురుగుల కోసం. కానీ ఇక్కడ ఒకదాన్ని వదిలేసి రెండోదాని కథ చెప్పడం కుదరదు. కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పినన్నాళ్లూ పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన ఫనేయస్ పురుగుల్ని, ప్రాణంతో ఉండగా పేడలో చూడాలన్నది నా కోరిక. హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నాతో బయల్దేరాడు. వాడికి స్పానిష్ కొంచెం వచ్చు, కారు బాగా నడుపుతాడు. "అత్తా, మెక్సికో వచ్చేవాళ్లు కాన్‌కూన్ బీచికి పోతారు. పేడ చూడ్డానికి వచ్చినదానివి నువ్వొక్కదానివే," అన్నాడు గట్టు మీద. "నీ పుణ్యం బాగుండి అది కూడా చూస్తున్నావు, పద," అన్నాను.

ముందు హలాపా వెళ్లాం. వెరాక్రూజ్ రాష్ట్రానికి రాజధాని అదే. కొండల మీది పట్నం, పొద్దున్నే మంచు, మధ్యాహ్నం సన్నటి జల్లు. ఊరి పక్క క్లావిహేరో వృక్షోద్యానాన్ని ఆనుకుని ఇన్‌స్టిట్యూటో దె ఎకొలొహియా ఉంది. 1975లో దాన్ని స్థాపించింది గొన్సాలో హల్ఫ్‌తెర్. ఆయన పుట్టింది 1932లో, మాద్రిద్‌లో. తండ్రి రోదోల్ఫో హల్ఫ్‌తెర్ పేరున్న సంగీతకర్త. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడినవాళ్ల పక్షాన నిలిచినందుకు దేశం విడిచి మెక్సికోలో తలదాచుకున్నాడు. సంగీతకారుడి కొడుకు పేడపురుగుల వెంట పడ్డాడు, జీవితాంతం వాటిని వదల్లేదు. 1966లో ఎరిక్ మాథ్యూస్‌తో, 1982లో డేవిడ్ ఎడ్మండ్స్‌తో కలిసి ఆయన రాసిన గ్రంథాలు లేకుండా ప్రపంచంలో ఎక్కడా ఈ పురుగుల మీద పరిశోధన మొదలవదు. అడవిని కాపాడాలంటే అందులో బతికే రైతును బయటికి తోసెయ్యకూడదని, అతన్ని కలుపుకునే రిజర్వు కట్టాలని వాదించి, 1970లలోనే మెక్సికో చేత చేయించింది కూడా ఆయనే. 2022లో పోయాడు. పురుగుల శాస్త్రవేత్తలు చాలామంది పురుగుల దగ్గరే ఆగిపోతారు. ఈయన మనుషుల దాకా వచ్చాడు. అందుకే నాకు ఆయనంటే గౌరవం ఎక్కువ.

అక్కడ పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి మాకు తోడుగా వస్తానంది. నేను లెక్చరర్‌నని తెలిసిన దగ్గర్నుంచి నన్ను "మాయెస్త్రా" అనే పిలిచింది. ఆ దేశంలో పంతులమ్మకు దక్కే మర్యాద అది. గాజుమూత పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో వరసల్లో గుండుసూదులకు గుచ్చిన ఫనేయస్‌లు.

రంగు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకటి పచ్చ, దాని పక్కది రాగి, ఆ పక్కది నీలం, ఇంకొకటి ఎర్రటి నిప్పు. పెట్టెను కాస్త వంచితే పచ్చలోంచి బంగారం, నీలంలోంచి ఊదా పైకొస్తాయి, రెండు రంగుల దారాలతో నేసిన ధర్మవరం పట్టు మడత విప్పినప్పుడు వచ్చినట్టు. ఇందులో రంగు పదార్థమేమీ లేదు. పురుగు పైపెంకులో పొర మీద పొరగా పేర్చి ఉన్న అమరిక వెలుతురును విడగొట్టి, కొన్ని రంగుల్నే వెనక్కి తిప్పి పంపుతుంది. అందుకే చచ్చినా రంగు చావదు. మ్యూజియం పెట్టెల్లో నూరేళ్లు దాటినవి కూడా నిన్న పట్టినట్టే ఉంటాయి. ఒకే జాతిలో పచ్చవీ నీలివీ ఎర్రవీ కూడా పుడతాయి కాబట్టి రంగును నమ్ముకుని పేరు పెట్టబోతే బోల్తా పడతాం.

ఫనేయస్ ప్రజాతికి ఆ పేరు పెట్టింది మెక్‌లే, 1819లో. ఇప్పటికి 50కి పైగా జాతులు తెలుసు. అన్నీ అమెరికా ఖండాలవే. అర్జెంటీనా నుంచి అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్యం దాకా వ్యాపించినా, సొంత ఇల్లు మాత్రం ఉష్ణమండలమే. అందులోనూ ఎక్కువ రకాలున్నది మెక్సికోలో. అంగుళానికి కాస్త అటూ ఇటూ ఉండే ఒళ్లు. మగదానికి తల మీంచి లేచి వెనక్కి వంగిన కొమ్ము. మెడ వెనక భాగం చదునుగా డాలులా ఉండి, వెనక మూలలు పైకి లేచి ఉంటాయి. ఆడదానికి కొమ్ము ఉండాల్సిన చోట చిన్న గట్టు మాత్రమే ఉంటుంది. మగదానికి ముందుకాళ్ల చివర పాదం ఉండదు, తవ్వుకోవడానికి పళ్లున్న పారలు ఉంటాయి.

పాదాలు లేని పేడపురుగులు డార్విన్‌ను కూడా ఆపాయి. 1859 నాటి పుస్తకంలో, తరతరాలుగా వాడకం తగ్గడం వల్ల అవి పోయి ఉంటాయని రాశాడు. ఇప్పుడు ఆ మాట నిలవదు. 1871లో మనిషి పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఫనేయస్ మగ, ఆడ రెంటి బొమ్మలూ పక్కపక్కన వేయించాడు. (ఆ జాతిని తర్వాత వేరే ప్రజాతిలోకి మార్చారు.) ఇంత కొమ్ము దేనికి? పోట్లాటకు వాడుతున్నట్టు తనకు ఆధారం కనిపించలేదు కాబట్టి ఇది అలంకారం అన్నాడు. పేడపురుగు పోట్లాట పేడ కింద, మట్టిలో, చీకట్లో జరుగుతుంది. ఇంగ్లండులో కూచుని గుండుసూదికి గుచ్చిన పురుగును చూస్తే అది తెలిసే విషయం కాదు.

హలాపా నుంచి కిందికి దిగి, తీరం వెంట దక్షిణానికి తిరిగాం. దారంతా చెరుకు తోటలు. సాంతియాగో తుక్స్‌త్లా ఊరి నడుమ ఓల్మెక్ జాతి వాళ్లు బసాల్టు రాతిలో చెక్కిన రాక్షసి తల ఉంది. దొరికిన అలాంటి తలలన్నిట్లోకీ అదే పెద్దది. కళ్లు మూసుకుని ఉండడం దాని ప్రత్యేకత. మా వాడు దాన్ని చాలాసేపు చూశాడు, నేను త్వరపెట్టాను. కతెమాకోలో చెరువంత కాదు, సముద్రమంత సరస్సు. ఊరి నిండా మంత్రగాళ్ల బోర్డులు. సరస్సులోని దీవుల మీద 1970లలో థాయ్‌లాండ్ నుంచి తెచ్చి వదిలిన కోతులున్నాయి, పడవవాళ్లు టికెట్టు తీసుకుని చూపిస్తారు. సొంత అడవిలో సొంత కోతులుండగా ఈ అరువు కోతుల ముందు జనం బారులు తీరడం నాకు చిరాకు. భోజనంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. చేప, అన్నం, నల్లచిక్కుళ్లు, మిరపకాయ ఎటూ వాళ్లదే. తాగడానికి ఎర్రగా పుల్లగా 'ఆగ్వా దె హమైకా' ఇచ్చారు. ఎర్ర గోంగూర కాయల మీది ఎర్రటి రేకుల్ని మరగబెట్టి చేసిందే అది. మేం ఆకు వండుకుని కాయ పారేస్తాం, వీళ్లు కాయ దగ్గర పెట్టుకుని ఆకు పారేస్తున్నారు.

కతెమాకో దాటి సొంతెకొమాపాన్ మీదుగా మోంతెపియో వైపు పోయే దారిలోనే నేను చూడాలనుకున్నవి రెండూ ఉన్నాయి, బీడూ అడవీ. లోస్ తుక్స్‌త్లాస్ అంటే సముద్రం ఒడ్డునే లేచిన అగ్నిపర్వతాల గుంపు. వాటిలో సాన్ మార్తీన్ 1793లో పేలింది. కొండలకు సముద్రపు గాలి తగిలి ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. మా ప్రకాశం జిల్లాలో అంత వాన పడాలంటే నాలుగైదేళ్లు పట్టాలి. ఒకప్పుడు కొండ మీంచి సముద్రం దాకా తెంపు లేని వానాడవి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పశువుల మేత కోసం దాన్ని నరికారు. అడవి నరికితే భూమి మీద హక్కు వచ్చే రోజులవి, ఒక్క రైతునే తప్పుపట్టి లాభం లేదు. 1998లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించేనాటికి పల్లం అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది.

దారి పక్క ఒక పశువుల దొడ్డి దగ్గర కారు ఆపించింది ఆ అమ్మాయి. కంచె గుంజలన్నీ బతికున్న చెట్లు. కొమ్మ నరికి పాతితే చిగురేసే రకాలు. సగం గుంజలు నేను ఎరిగినవే, గ్లిరిసిడియా. మా పొలాల గట్ల మీద పచ్చిరొట్ట ఎరువుకు పెంచే ఆ చెట్టు పుట్టిల్లు ఈ ప్రాంతాలే. ఇక్కడ 'కొకుయితె' అంటారు. లోపల మోపురాలున్న బూడిదరంగు ఆవులు. స్విట్జర్లాండ్ పాలజాతితో కలిపిన సంకరం అంది ఆమె. ముందురోజు వాన పడి, పొద్దుటి ఎండ కాస్తోంది. ఫనేయస్‌కు ఇదే సరైన వేళ. తక్కిన పేడపురుగుల్లో చాలా రకాలు చీకటి పడ్డాక తిరుగుతాయి. ఇవి పగటి పురుగులు, ఎండలో ఎగురుతాయి.

తాజా పేడకడి ఒకటి చూసుకుని పక్కన చతికిలబడ్డాం. మా మేనల్లుడు నాలుగు గజాల దూరంలో నిలబడ్డాడు. మొదట ఈగలొచ్చాయి, తర్వాత చిన్న నల్లపురుగులు. ఆపైన ఎక్కడి నుంచో బరువైన జుమ్మనే చప్పుడు. గాలికి ఎదురుగా, నేలకు దగ్గరగా, అటూ ఇటూ ఊగుతూ వచ్చి గడ్డిలో ధబ్బున పడింది. పేడ మీద దిగలేదు, ఓ జానెడు దూరంలో పడి నడుచుకుంటూ వెళ్లింది. తల ముందున్న రెండు మీసాల చివర విసనకర్రల్లా రేకులు విప్పి వాసన పడుతోంది. అప్పుడు ఎండ దాని వీపు మీద పడింది. పచ్చ. దాని మీద రాగి మెరుపు. పేడ మధ్యలో అంత శుభ్రంగా ఎలా ఉండగలిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. పెంకుకు మడ్డి అంటుకోనే లేదు.

అది ఆడది. తల పారతో పేడ ముక్క కోసి, ముందుకాళ్లతో తోసుకుంటూ కొద్ది దూరం పోయి, అక్కడ నేలలోకి దిగిపోయింది. ఉండలు చేసి గజాల కొద్దీ దొర్లించుకుపోయే పురుగులు వేరు, ఇవి వేరు. ఇవి పేడ పక్కనే, లేదా దాని కిందే, బొరియ తవ్వుకునే రకం. బొరియ అడుగున పేడను ముద్ద కట్టి, పైన మట్టి పూత పూసి, అందులో చిన్న గది వదిలి ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే తిని, లోపలే గూడు కట్టి, పెద్దదై వానకు నేల మెత్తబడ్డాక బయటికొస్తుంది. ఈగ ఒక్క విడతలో వంద గుడ్లు పెట్టి పోతుంది. ఫనేయస్ ఒక్కో గుడ్డుకు ఒక్కో ఇల్లు కట్టాలి. అందుకే వీటి సంతానం తక్కువ, ఒక ఏడాది దెబ్బ తింటే కోలుకోవడం ఆలస్యం.

కాసేపటికి మగది వచ్చింది. పొడవాటి కొమ్ము. తిన్నగా ఆడది దిగిన బొరియ వెతుక్కుని లోపలికి పోయింది. "ఇప్పుడు ఇంకో మగది వస్తే చూడాలి మాయెస్త్రా," అంది ఆ అమ్మాయి. రాలేదు. కానీ వస్తే ఏం జరుగుతుందో తెలిసిన సంగతే. టెక్సాస్‌లో ఉండే ఫనేయస్ డిఫార్మిస్ మీద రాస్ముసెన్ 1994లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఒళ్లూ కొమ్మూ పెద్దవైన మగవి బొరియను, అందులో ఆడదాన్ని దక్కించుకుంటాయి. కొమ్ము ఎంత పెరుగుతుందన్నది ఎక్కువగా పిల్లప్పుడు తిన్న తిండి మీద ఆధారపడుతుంది. తల్లి కట్టిన ముద్ద చిన్నదైతే కొడుక్కి పొట్టి కొమ్మే. పొట్టి కొమ్ముది మరి ఊరుకుంటుందా? పనామాలోని బారో కొలరాడో దీవిలో డగ్లస్ ఎమ్లెన్ వీటి దాయాదుల్ని గాజుపలకల మధ్య మట్టి పోసి పెంచి చూశాడు. పెద్ద మగది బొరియ గుమ్మంలో కాపలా కాస్తుంటే, చిన్న మగది పక్క నుంచి సొరంగం తవ్వి, కాపలావాడి కింద నుంచి లోపలికి దూరి, పని చక్కబెట్టుకుని వెళ్లిపోతుంది. డార్విన్‌కు కనబడని చీకటి ఇదే.

ఇదంతా మా వాడికి చెబితే అప్పటికి గజం దూరానికి వచ్చి కూచున్నాడు.

అడవి అక్కడికి దగ్గరే. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం వాళ్ల జీవశాస్త్ర కేంద్రం 1967 నుంచి అక్కడ 600 హెక్టార్లకు పైగా అడవిని కాపాడుతోంది. బీడులోంచి చెట్ల కిందికి అడుగు పెట్టగానే వేడి తగ్గింది, వెలుతురు తగ్గింది, చెమట మాత్రం పెరిగింది. మర్నాడు తెల్లారుతుండగానే పైన ఎవరో పెద్ద పీపాలోంచి గర్జించినట్టు మోత. సరగ్వాతో కోతులు. ఒళ్లు కుక్కంత, గొంతు పులంత. నిద్ర లేవగానే అరవడం, తర్వాత మంద మొత్తం ఒకే చోట, ఒకేసారి కడుపు ఖాళీ చేసుకోవడం వాటి దినచర్య. కింద నిలబడకూడదని ఆ అమ్మాయి ముందే చెప్పింది.

పైనుంచి ఆకుల మీద టపటపా పడింది. ఆకులు, మర్రి జాతి పళ్లు తిని వదిలిన పచ్చటి పెంట, దాని నిండా గింజలు. నిమిషాల్లో పురుగులు దిగాయి. వాటిలో ఫనేయస్ ఎండిమియన్ ఉంది. ఇది అడవిని విడవని జాతి, ముదురు పచ్చ. ఆ నీడలో దాదాపు నల్లగా కనిపించింది. ఎండ చుక్క ఒకటి పడ్డ క్షణం మాత్రం వెలిగింది. పచ్చగడ్డిలో పచ్చగా మెరిసే పురుగు, చీకటి అడవిలో చీకటిగా ఉండే పురుగు. మెరుపు ఎవరికోసమో అనుకుంటాం గానీ, పక్షి కంటికి దొరక్కుండా ఉండడానికి కూడా మెరుపు పనికొస్తుందేమో అనిపించింది అక్కడ.

ఈ అడవిలోనే అలెహాండ్రో ఎస్ట్రాడా, రోసముండ్ కోట్స్ ఎస్ట్రాడా ఏళ్ల తరబడి పనిచేసి 1991లో ఒక మాట చెప్పారు. కోతి పండు తిని గింజను దూరంగా విడిస్తే చెట్టు పని అయిపోయినట్టు కాదు. పెంటలో పైకి తేలి ఉన్న గింజను ఎలుకలు వాసన పట్టి కొరికేస్తాయి. పేడపురుగు తన పిల్లల కోసం పెంటను కిందికి లాక్కుపోతూ గింజను కూడా పూడ్చేస్తుంది. దానికి గింజతో పని లేదు, అడ్డం కూడా. అయినా ఎలుక నోటి నుంచి తప్పిన గింజల్లో కొన్ని మొలకలవుతాయి. కోతి లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే మొలక తక్కువ, మొలక లేకపోతే రేపటి కోతికి పండు లేదు.

పురుగుల లెక్క తీసే పద్ధతి కూడా అక్కడే చూశాం. నేలలో గ్లాసు పాతి, పైన గుడ్డలో ఎర కట్టి వేలాడదీసి, వాన పడకుండా ఆకు కప్పుతారు. "ఎర ఏమిటి?" అని అడిగాడు మా వాడు. ఎక్కువగా మనిషిదేనని, పరిశోధకులు ఎవరి వంతు వాళ్లు సమకూర్చుకోవాలని ఆ అమ్మాయి ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది. వాడు ఆపైన ప్రశ్నలు మానేశాడు. మనం ముక్కు మూసుకునే చోట సైన్సు గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. పిల్లలకు సైన్సు అంటే తెల్లకోటు అని నేర్పే మన స్కూళ్లలో ఈ సంగతి కూడా ఒకసారి చెబితే మంచిది.

ఎండిమియన్ బీడులోకి రాదు. చెట్లు నరికిన చోట ఎండకు నేల కాలుతుంది, గట్టిపడుతుంది. అడవి పురుగులు ఆ ఖాళీని దాటలేక ముక్కల్లో చిక్కుకుపోతాయి. బతికున్న గుంజల కంచెలున్న చోట మాత్రం కొన్ని ఆ నీడ పట్టుకుని ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పోతాయి. బీడులో మేం చూసినవి ఎండకు ఓర్చుకునే వేరే రకాలు. వాటితో పాటు ఇప్పుడు పరాయి పురుగులు కూడా చేరాయి. ఆఫ్రికా నుంచి హవాయి మీదుగా టెక్సాస్‌కు 1970లలో తెచ్చి వదిలిన గజెల్లా జాతి, మనుషుల సాయం లేకుండానే సరిహద్దు దాటి మెక్సికో బీళ్లను ఆక్రమించింది. ఆవులు వచ్చాయి, ఆవుల వెనక పురుగులూ వచ్చాయి.

సాయంత్రం దొడ్డి యజమాని ఇంటి దగ్గర కూచున్నాం. ఊరంతా 'దోన్' అని గౌరవంగా పిలిచే పెద్దాయన. నేను ఒంగోలు దాన్నని మా వాడు స్పానిష్‌లో వివరించి, ఫోనులో గిత్త ఫొటో చూపించాడు. ఆయన చూసి, "ఇది నెలోర్ కదా," అన్నాడు. అదేనన్నాం. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

పేడ సంగతి నేనే ఎత్తాను. తన చిన్నప్పుడు పొద్దున వేసిన పేడ మర్నాటికి పొడి అయ్యేదని, ఇప్పుడు కొన్ని మళ్లలో వారాలు గడిచినా అలాగే ఎండి పడి ఉంటోందని, దాని చుట్టూ మొలిచిన గడ్డిని ఆవులు ముట్టవని చెప్పాడు. మందలకు నులిపురుగుల మందు ఏం వాడతారని అడిగాను. సీసా తెచ్చి చూపించాడు. ఐవర్‌మెక్టిన్.

ఈ మందును తిట్టాలని నాకు లేదు. మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ దీనికి దారి కనిపెట్టారు. 1980లలో పశువులకు వచ్చింది, తర్వాత మనుషులకు. ఆఫ్రికాలో నదీతీరపు అంధత్వం నుంచి ఎన్ని కళ్లను కాపాడిందో లెక్క లేదు. 2015లో వాళ్లిద్దరికీ నోబెల్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. అయితే పశువుకు ఎక్కించిన ఈ మందు చాలావరకు చెక్కుచెదరకుండా పేడలో బయటికొస్తుంది. కడుపులోని పురుగును చంపినట్టే పేడలోని పురుగు పిల్లల్నీ చంపుతుంది. పెద్దవి చావకపోవచ్చు. కానీ అదే 2015లో స్పెయిన్ శాస్త్రవేత్తలు చూపించినదాన్ని బట్టి, అతి తక్కువ మోతాదు కూడా పేడపురుగు వాసన పట్టే శక్తిని, కాళ్ల పట్టును దెబ్బతీస్తుంది. వాసన తెలియని పేడపురుగు ఏం చేస్తుంది? పేడ పక్కనే ఆకలితో చస్తుంది. హలాపా సంస్థవాళ్లు వెరాక్రూజ్ దొడ్లలో ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే.

ఇది చెబుతుంటే దోన్ నా మాటకు అడ్డు రాలేదు. "మందు మానేస్తే దూడలు పోతాయి. పురుగులు దూడల్ని ఇస్తాయా?" అని మాత్రం అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. మందు మానొద్దు, మంద మొత్తానికి ఒకేసారి, అలవాటుగా, పురుగులు ఎగిరే వానల్లో వెయ్యొద్దు. జబ్బున్నదానికే వెయ్యండి. పేడపురుగు ఎంత బాగా పూడిస్తే మీ పశువుల మీద వాలే ఈగలు అంత తగ్గుతాయి, పేడలో పెరిగే నులిపురుగుల పిల్లలూ తగ్గుతాయి. ఆయన ఒప్పుకున్నాడని చెప్పను. సీసాను మాత్రం లోపల పెట్టి వచ్చి, వచ్చే నెల మంద మొత్తానికి వేయించాలనుకున్న మాటను పశువుల డాక్టరుతో మళ్లీ మాట్లాడతానన్నాడు.

ఫనేయస్ మన దేశంలో లేదు, రాదు కూడా. మనవి చాలావరకు నల్లటివి. కొమ్మున్న కాథార్సియస్ మొలోసస్, ఇంకా చిన్నాచితకా పేడపురుగులు వానాకాలం రాత్రుళ్లు వీధి దీపం కింద వెల్లకిలా పడి కాళ్లాడిస్తుంటే చెప్పుతో తోసేస్తాం. రంగు లేదు కాబట్టి ఎవరూ వాటిని చూడ్డానికి విమానం ఎక్కి రారు. చేసే పని మాత్రం ఒకటే. మన పశువుల ఆస్పత్రుల్లో కూడా ఐవర్‌మెక్టిన్ వాడకం మామూలైంది. పశువులున్న చదువరులకు నేను చెప్పేది ఇంతే: నులిపురుగుల మందు వేయించే ముందు డాక్టరుగారిని అడిగి పేడ పరీక్ష చేయించండి. అవసరమున్న పశువుకే, ఆయన చెప్పిన మోతాదులోనే వేయించండి. వాయిదా వేసినా ప్రమాదం లేదని ఆయన అంటే తొలకరి వానలు దాటాక వేయించండి. తర్వాత కొన్నాళ్లు మీ బీట్లో పేడకడి ఎన్ని రోజుల్లో మాయమవుతోందో గమనించి, పక్క రైతుకు కూడా చెప్పండి.